సగం పూట ప్రాగ్: నలుగురూ వద్దనే సలహాలు

ప్రాగ్ వెళ్లే తెలుగువాళ్లకు సలహాలు చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఊళ్లో దిగిన మొదటి రోజే గైడు టూరు పెట్టుకోమంటారు. గైడు పక్కనే నడవమంటారు. ఖగోళ గడియారం గంట కొట్టే వేళకు ముందు వరసలో ఉండమంటారు. డబ్బు పెట్టి వచ్చారు కాబట్టి ఏదీ వదలొద్దంటారు. నేను ఈ మాటలన్నిటికీ ఎదురు చెప్పబోతున్నాను. విన్నవాళ్లు ఇవి తలకిందుల సలహాలంటున్నారు. అననివ్వండి, నేను వీటిని రెండుసార్లు ఆ ఊరు తిరిగొచ్చి, ఆలోచించి చెబుతున్నాను.

మొదటిసారి మా ఆయనా నేనూ అందరూ చెప్పినట్టే చేశాం. నాలుగు గంటల్లో కోట, వంతెన, గడియారం, యూదుల పేట అన్నీ చుట్టేశాం. ఇంటికొచ్చాక ఎదురింటి పిన్నిగారు "ఏం చూశావమ్మా?" అని అడిగితే "చాలా బాగుంది పిన్నిగారూ" అన్నాను. ఆపైన నోట మాట రాలేదు. ఫోన్లో మూడు వందల పైచిలుకు ఫోటోలున్నాయి. వాటిలో ఏ గోపురం ఏ గుడిదో చెప్పలేకపోయాను. ఆ రోజు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు.

నాలుగేళ్ల తర్వాత మా అత్తయ్యగారిని తీసుకుని వెళ్లాను. ఆవిడ తెనాలిలో టీచరుగా చేసి రిటైరయ్యారు. మోకాళ్ల నొప్పి. ఆవిడ నడకతో మేం గుంపులో ఎప్పుడూ ఆఖరునే ఉన్నాం. సగం జాగాలకు ఆలస్యంగా చేరాం, కొన్నిటికి చేరనే లేదు. ఆ సగం పూటలోనే నాకు ప్రాగ్ తెలిసింది. కింది సలహాలు అక్కడ పుట్టినవే.

1. టూరును చివరి రోజుకు పెట్టుకోండి

మొదటి రోజున గైడు చెప్పేది మనకు అందదు. కళ్లు నిద్రకు మూతపడుతుంటాయి, పేర్లకు నోరు తిరగదు. వల్తవా నది ఏ వైపున ఉందో, పాతపట్నం ఏ వైపున ఉందో తెలియనివాడికి చార్లెస్ రాజు గురించి చెప్పి ఏం లాభం? ముందు రెండు రోజులు మీరే తిరగండి. దారి తప్పండి. ట్రాము ఎక్కి తప్పు స్టాపులో దిగండి. అప్పుడు "ఆ గోడ మీద ఆ పేర్లేమిటి? రాళ్లలో ఈ ఇత్తడి బద్ద ఎందుకు పెట్టారు?" అని సొంత ప్రశ్నలు పుడతాయి. వాటిని మూటగట్టుకుని చివరి రోజు ఉదయం గైడు దగ్గరికి వెళ్లండి. ఆకలితో ఉన్నవాడికి వడ్డించినట్టు ఉంటుంది గైడుకు కూడా.

2. జాబితాలో ఒక్క కథే ఉంచుకోండి

సగం పూట టూరు కాగితం మీద పది పన్నెండు పేర్లుంటాయి. అన్నిటినీ చూడాలనుకునేవాళ్లు ఒక్కటీ చూడరు. బయలుదేరే ముందు రాత్రి ఒక్క కథ ఎంచుకుని, దానికి సంబంధించిన చోట్ల మాత్రమే మనసు పెట్టండి. మిగతావి కళ్ల ముందు నుంచి సాగిపోనివ్వండి.

నేను ఎంచుకోమనేది 1618 నుంచి 1621 దాకా జరిగిన కథ. అది కోటలో ఒక కిటికీ దగ్గర మొదలై, వంతెన బురుజును తాకి, పాతపట్నం చౌకులో నేల మీద ముగుస్తుంది. మీ టూరు నడిచే దారీ దాదాపు అదే. మూడేళ్ల చరిత్రను మీ కాళ్లే వరసగా చదువుతాయి.

3. గుంపులో అందరికన్నా వెనక నడవండి

గైడు పక్కన నడిచేవాళ్లకు గైడు వీపు, ఆమె చేతిలోని గొడుగు కనిపిస్తాయి. వెనక నడిచేవాళ్లకు వీధి కనిపిస్తుంది. ఇప్పుడు చాలా టూర్లలో చెవికి పెట్టుకునే రిసీవర్లు ఇస్తున్నారు కాబట్టి మాట ఎలాగూ వినబడుతుంది.

అత్తయ్యగారు ప్రతి యాభై అడుగులకూ ఆగేవారు. ఆగిన చోటల్లా ఏదో ఒకటి కనబడేది. ఒక తలుపు పైన నంబరుకు బదులు మూడు ఫిడేళ్ల బొమ్మ. ఇంకో ఇంటి మీద రెండు సూర్యుళ్లు. కోట నుంచి దిగే నెరుదోవా వీధి ఇది. ఇళ్లకు నంబర్లు రాకముందు ఊళ్లోవాళ్లు ఇళ్లను ఈ బొమ్మలతో గుర్తుపట్టేవారు. "రావిచెట్టు వాళ్లిల్లు, మేడమీద వాళ్లిల్లు అని మనమూ అంటాం కదమ్మాయ్" అన్నారు ఆవిడ. గుంపు అప్పటికే వీధి చివర మలుపు తిరిగింది. మూడు ఫిడేళ్లు చూసినవాళ్లం మేమిద్దరమే.

ఒక్క జాగ్రత్త. కొండ ఎక్కే పని పెట్టుకోకండి. 22 నంబరు ట్రాము కోట వైపు పైకి తీసుకెళుతుంది. పైనుంచి కిందికి నడిచే టూరునే ఎంచుకోండి. దారంతా గుండ్రాళ్లు, చిన్న చిన్న రాతి దిమ్మెలు, కాబట్టి పాత బూట్లే వేసుకోండి.

4. కోటలో వైభవం వదిలేసి కిటికీ చూడండి

ప్రాగ్ కోట తొమ్మిదో శతాబ్దంలో మొదలైంది. దాదాపు 70,000 చదరపు మీటర్ల ఆవరణ. దాన్ని గంటలో చూడటం కుదిరే పని కాదు. కాబట్టి పాత రాజప్రాసాదంలో ఒక పక్కకున్న గదికి వెళ్లండి. టికెట్టు లేకపోతే దక్షిణం వైపు తోటలోంచి తలెత్తి ఆ కిటికీలనే చూడండి.

1618 మే 23న ప్రొటెస్టెంటు ప్రభువులు ఆ గదిలోకి వచ్చారు. తమ ప్రార్థనాలయాల హక్కులను చక్రవర్తి కాలరాస్తున్నాడని వాళ్ల కోపం. అక్కడున్న ఇద్దరు కాథలిక్ అధికారులను, వాళ్ల గుమాస్తాను ఎత్తి కిటికీలోంచి బయటికి విసిరేశారు. ముగ్గురూ బతికారు. మేరీమాత పట్టుకుందని కాథలిక్కులన్నారు, పెంటకుప్ప మీద పడ్డారని ప్రొటెస్టెంట్లన్నారు. గుమాస్తాకు తర్వాత చక్రవర్తి ప్రభువు హోదా కట్టబెట్టి, 'ఎత్తునుంచి పడినవాడు' అనే అర్థం వచ్చే బిరుదు ఇచ్చాడు. వినడానికి నవ్వులాటగా ఉంటుంది. కానీ ఆ కిటికీ నుంచి రాజుకున్న యుద్ధం 1648 దాకా ముప్పై ఏళ్లు మధ్య ఐరోపాను తగలబెట్టింది. తోటలో వాళ్లు పడిన చోట గుర్తుగా రాతి స్తంభాలున్నాయి. అక్కడ రెండు నిమిషాలు నిలబడండి.

కోటలోని సెయింట్ వైటస్ పెద్ద చర్చిలోకి వెళితే మాత్రం ఒక్కటి చూడండి. దానికి 1344లో పునాది వేశారు, 1929లో పూర్తిచేశారు. ఆరు వందల ఏళ్లకు కాస్త తక్కువ. ఎడమ వైపున అల్ఫోన్స్ మూఖా గీసిన రంగుటద్దాల కిటికీ ఉంది. దాని అడుగున డబ్బిచ్చిన స్లావియా బ్యాంకు పేరు రాసి ఉంటుంది. మన గుళ్లలో ఫ్యాను రెక్కల మీద, మెట్ల మీద దాతల పేర్లు చూసి పెరిగినవాళ్లకు అది పరాయి ఊరి కిటికీ అనిపించదు. ఎంతోమంది చేతులు పడితేనే ఇంత పెద్ద గుడి లేస్తుందన్న సంగతిని ఆ చిన్న అక్షరాలు చెబుతాయి.

5. వంతెన మీద ఆగకండి, కిందికి దిగండి

చార్లెస్ వంతెన మీద టూరు పావుగంట ఆగుతుంది. ఆ పావుగంటా జనం నెపోముక్ యాన్ అనే సెయింటు విగ్రహం కింది రేకును తాకితే అదృష్టమని వరసలో నిలబడతారు. తాకి తాకి ఆ కంచు బంగారంలా మెరుస్తోంది. ఆ వరసలో మీరు లేకపోతే మీ అదృష్టం ఎక్కడికీ పోదు. కాంపా దీవి వైపు మెట్లున్నాయి. దిగిపోండి.

కింద నుంచి చూస్తేనే వంతెన అంటే ఏమిటో అర్థమవుతుంది. అరకిలోమీటరు పైచిలుకు పొడవు, పదహారు రాతి కమానులు. ఇక్కడ అంతకుముందున్న యుదిత వంతెనను 1342 వరద ఎత్తుకుపోయింది. పదిహేనేళ్లు గడిచాక, 1357లో నాలుగో చార్లెస్ రాజు దీనికి శంకుస్థాపన చేశాడు. జూలై 9, తెల్లవారుజాము 5 గంటల 31 నిమిషాలకు ముహూర్తం పెట్టించాడని చెప్పుకుంటారు. ఏడాది, తేదీ, నెల, గంట, నిమిషాలు వరసగా పేర్చితే 1-3-5-7-9-7-5-3-1. ఎక్కి దిగే అంకెలు. రాతి కట్టడానికి ముహూర్తం చూసుకోవడం మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

1890 వరదలో దీని కమానులు కొన్ని కూలాయి, మళ్లీ కట్టారు. 2002 వరదలో కాంపా మునిగింది, వంతెన నిలిచింది. అవతలి గట్టున, పాతపట్నం వైపు, వంతెన పక్కన గట్టు గోడలో ఒక గడ్డపాయన ముఖం చెక్కి ఉంది. పాత వంతెనది ఆ రాయి. నీళ్లు ఆయన గడ్డం తాకితే నది పొంగుతోందని, ఇంకా పైకి వస్తే ఇళ్లు వదిలి వెళ్లాలని పూర్వం కొలత. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అక్కడ అంకె, ఇక్కడ గడ్డం. నది పక్కన బతికేవాళ్ల భయం ఒకటే.

ఇక పాతపట్నం వైపు వంతెన బురుజు కింద నుంచి వెళ్లేటప్పుడు ఒక్కసారి ఆగండి. మన కథ అక్కడ మనకోసం వేచి ఉంటుంది. కాసేపట్లో చెబుతాను.

6. గంట కొట్టేటప్పుడు గడియారం చూడకండి

ఈ సలహా విని నాతో దెబ్బలాడినవాళ్లున్నారు. అయినా మార్చను. పాతపట్నం పురభవనం గోడ మీది ఖగోళ గడియారం గంట గంటకూ ఒక నిమిషం లోపు బొమ్మలాట చూపిస్తుంది. అస్థిపంజరం తాడు లాగుతుంది, చిన్న కిటికీల్లో అపొస్తలులు తిరుగుతారు, చివర కోడి కూస్తుంది. ఆ నిమిషం కోసం వందల మంది మెడలెత్తి నిలబడతారు. ఇప్పుడు తిరిగే ఆ బొమ్మలు 1945 మే నెలలో నాజీలు పెట్టిన మంటల్లో పోయినవాటి బదులు చెక్కినవి, 1948 నుంచి తిరుగుతున్నాయి. వాటి కింద 1410 నాటి యంత్రం రోజంతా పనిచేస్తూ ఉంటుంది. దాన్ని చూసేవాడు ఉండడు.

కాబట్టి గంటకు పది నిమిషాల ముందు వెళ్లి పలకను చూడండి. గంట కొట్టగానే పక్కకు తప్పుకోండి, సంచి జాగ్రత్తగా పట్టుకోండి.

మేం వెళ్లింది మే నెలాఖరున, పన్నెండుకు ఇంకా పది నిమిషాలుండగా. అత్తయ్యగారు పలకను కాసేపు తేరిపార చూసి అడిగారు.

"అమ్మాయ్, ఇవి రాశులేనా?"

"అవునత్తయ్యా."

"సూర్యుడి బొమ్మ మిథునంలో ఉందేమిటి? మన పంచాంగంలో ఇంకా వృషభమే కదా."

గైడుకు ఈ మాట ఇంగ్లీషులో చెప్పాను. ఆమె ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఎవరూ ఈ ప్రశ్న వేయలేదంది. జవాబు అత్తయ్యగారే చెప్పారు. వాళ్లది సాయన లెక్క, మనది నిరయన లెక్క. మధ్యలో సుమారు ఇరవై నాలుగు రోజుల తేడా. అందుకే ఈ పలక మీద సూర్యుడు డిసెంబరు మూడో వారం ముగిసేసరికే మకరంలోకి వస్తాడు, మనం జనవరి నడుమ సంక్రాంతి చేసుకుంటాం.

ఇంకో రెండు సంగతులు చూడండి. బయటి నల్లని వలయం మీద బంగారు అక్షరాల్లో 1 నుంచి 24 దాకా అంకెలున్నాయి. అది పాత బొహీమియా కాలం. సూర్యుడు అస్తమించిన క్షణం నుంచి లెక్క మొదలవుతుంది. మేం చూసేసరికి బంగారు చెయ్యి 15 దగ్గరకు చేరింది. అంటే నిన్న పొద్దుగుంకి పదిహేను గంటలైంది. మనం రోజును సూర్యోదయంతో మొదలుపెడతాం, వాళ్లు సూర్యాస్తమయంతో మొదలుపెట్టారు. లోపలి నీలం భాగంలో వంపు గీతలు పగటిని పన్నెండు పాళ్లుగా చేస్తాయి. వేసవిలో పాళ్లు పెద్దవి, చలికాలంలో చిన్నవి. పగటి నిడివిని ఎనిమిది భాగాలు చేసి రాహుకాలం కట్టే ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది క్షణంలో అర్థమవుతుంది.

పలక నడుమ భూమి ఉంది. సూర్యచంద్రులు దాని చుట్టూ తిరుగుతారు. వెనక్కి తిరిగితే చౌకుకు అవతల జంట శిఖరాల టీన్ చర్చి. 1601లో పోయిన టైకో బ్రాహే సమాధి అందులో ఉంది. ఆయన కొలిచిపెట్టిన లెక్కలతో కెప్లర్ ఈ ఊళ్లోనే కూర్చుని, గ్రహాలు సూర్యుడి చుట్టూ దీర్ఘవృత్తాకారంలో తిరుగుతాయని తేల్చి 1609లో పుస్తకం అచ్చువేశాడు. భూమి నడుమనున్న గడియారమూ, భూమిని నడుమ నుంచి తప్పించడానికి లెక్కలిచ్చిన మనిషి సమాధీ ఒకే చౌకు చుట్టూ ఉన్నాయి. బొమ్మలాట కోసం మెడ ఎత్తినవాడికి ఇది కనబడదు.

7. కట్టుకథలను కొట్టిపారేయకండి

గైడ్లు చెప్పేవన్నీ నమ్మొద్దని చదువుకున్నవాళ్లు హెచ్చరిస్తారు. నేను వాటిని శ్రద్ధగా వినమంటాను. గడియారం చేసిన హనుష్ అనే పెద్దాయన ఇలాంటిది మరో ఊరికి చేసిపెట్టకుండా నగర పెద్దలు కళ్లు పొడిపించారని ఒక కథ. అది జరగలేదు. గడియారం చేసినవాడు కడాన్ ఊరి మికులాష్, లెక్కలు కట్టినవాడు విశ్వవిద్యాలయ పండితుడు యాన్ షిండెల్ అని పరిశోధకులు తేల్చారు.

మరి తాజ్‌మహల్ కట్టిన పనివాళ్ల చేతులు నరికించారన్న కథ మనమెందుకు చెప్పుకుంటున్నాం? అదీ జరిగినట్టు ఆధారం లేదు. గొప్ప పని చేసినవాడికి అధికారం ఏం చేయగలదో జనానికి తెలుసు. ఆ భయాన్ని వాళ్లు కథగా దాచుకుంటారు. కాబట్టి కథ వినండి, నిజం కూడా అడగండి, రెండూ ఇంటికి తెచ్చుకోండి.

8. తల దించుకుని నడవండి

ప్రాగ్‌ను నూరు శిఖరాల నగరం అంటారు. అందరూ పైకే చూస్తారు. ఆ ఊరు తన దుఃఖాన్ని మాత్రం నేల మీద రాసుకుంది.

గడియారం పక్కగా పురభవనం తూర్పు గోడ వైపు వెళ్లండి. కాళ్ల కింద రాళ్లలో 27 తెల్లని శిలువలు పొదిగి ఉన్నాయి. కిటికీ దగ్గర మొదలైన కథ ఇక్కడ ముగిసింది. 1620 నవంబరు 8న ప్రాగ్ పక్కనున్న తెల్లకొండ దగ్గర తిరుగుబాటు సేన చక్రవర్తి సైన్యం చేతిలో ఓడింది. 1621 జూన్ 21న ఈ చౌకులో 27 మందికి మరణశిక్ష అమలుచేశారు. ముగ్గురు ప్రభువులు, ఏడుగురు యోధులు, పదిహేడుగురు పట్టణవాసులు. వాళ్లలో ఒకరు యాన్ యెసేనియస్. విశ్వవిద్యాలయ అధిపతి, 1600లో ప్రాగ్‌లో జనం ముందు మానవదేహాన్ని కోసి శరీరశాస్త్రం బోధించిన వైద్యుడు. తల నరికే ముందు ఆయన నాలుక కోశారు. పన్నెండు తలలను వంతెన బురుజుకు వేలాడదీశారు. పదేళ్లు ఉంచారు. ఇందాక ఆగమన్నది ఆ బురుజు కిందనే.

27 మంది పేర్లూ గోడ మీది ఫలకంలో ఉన్నాయి. ఆ శిలువల మీద నిలబడి ఐస్‌క్రీం తింటూ ఫోటోలు దిగేవాళ్లను చూశాను. తెలియక చేసే పని అది. తెలిసిన మీరు పక్కగా నడవండి.

అదే చౌకులో ఒక ఇత్తడి బద్ద నేలలో పొదిగి ఉంది. ప్రాగ్ మధ్యాహ్నరేఖ అది. మేరీమాత స్తంభం నీడ దాని మీద పడినప్పుడు ఊరికి మిట్టమధ్యాహ్నం. 1650లో నిలిపిన ఆ స్తంభాన్ని 1918లో జనం కూల్చారు, 2020లో నకలు నిలిపారు. ఇంకా ముందుకెళితే ఇళ్ల గుమ్మాల ముందు, నాజీలు తీసుకుపోయినవాళ్ల గుర్తుగా, అరచేయంత ఇత్తడి పలకలు కనబడతాయి. ఈ ఇంట్లో ఫలానావారు ఉండేవారు, ఫలానా రోజున తీసుకుపోయారు అని రాసి ఉంటుంది. చదవాలంటే నడుం వంచాలి.

వాత్స్లావ్ చౌకు దాకా వెళితే, నేషనల్ మ్యూజియం ముందు నేలలోంచి ఉబికినట్టున్న కంచు శిలువ ఉంది. 1968 ఆగస్టులో సోవియట్ కూటమి సైన్యాలు దేశాన్ని ఆక్రమించాయి. జనం నీరుగారిపోతున్నారని, వాళ్లను తట్టి లేపాలని యాన్ పాలాఖ్ అనే ఇరవై ఏళ్ల విద్యార్థి 1969 జనవరి 16న అక్కడ ఒంటికి నిప్పంటించుకున్నాడు. మూడు రోజులకు పోయాడు.

9. గైడును చరిత్ర అడగకండి

తేదీలు పుస్తకంలో దొరుకుతాయి. గైడు దగ్గర మాత్రమే దొరికేది ఆమె ఇంటి సంగతి. "1989 నవంబరులో మీ ఇంట్లోవాళ్లు ఎక్కడున్నారు?" అని మర్యాదగా అడగండి. మా గైడు ఆ మాటకు నడక ఆపింది. తన తల్లి పనినుంచి తిన్నగా వాత్స్లావ్ చౌకుకు వెళ్లిందట, వేలమందితో కలిసి ఇంటి తాళంచెవులు పైకెత్తి గలగలలాడించిందట. 'ఇక మీరు వెళ్లే వేళైంది' అని కమ్యూనిస్టు పాలకులకు ప్రజలు చెప్పిన తీరు అది. ఆ తాళంచెవుల గుత్తి ఇంకా ఇంట్లో మేకుకు వేలాడుతోందని చెప్పింది.

అత్తయ్యగారు తన సంచిలోంచి తెనాలి ఇంటి తాళాలు తీసి మెల్లగా ఆడించారు. గైడు కళ్లు చెమర్చాయి. నాలుగు గంటల టూరులో నాకు బాగా గుర్తున్న చప్పుడు అది.

10. ఆకలి సంగతి

చౌకు చుట్టూ కట్టెకు చుట్టి కాల్చే ట్రడెల్నీక్ అనే తీపి రొట్టెను పాతకాలపు ప్రాగ్ వంటగా అమ్ముతారు. అది ఈ ఊళ్లో యాత్రికుల కోసం ఈ మధ్య పెరిగిన తిండి. ఆ వరసలో ఇరవై నిమిషాలు పోగొట్టుకోకండి. పులిహోర పొట్లం కట్టుకుని కాంపాలో బల్ల మీద కూర్చుని తినండి. కాగితం మాత్రం తొట్టిలో వేయండి.

11. ఫోటోకు బదులు నాలుగు ముక్కలు రాయండి

1830లో ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, దారిలో చూసిందల్లా రాసి స్నేహితుడికి పంపారు. ఏ ఊళ్లో నీళ్లు బాగుంటాయో, ఎక్కడ దుకాణాలున్నాయో, బస చేయడానికి ఎలా ఉంటుందో రాశారు. దాదాపు రెండు వందల ఏళ్లయినా ఆ దారిలో మనం నడవగలుగుతున్నాం. మనకు ఆ అలవాటు ఇచ్చిన పెద్దాయన ఉండగా ఫోన్ చేతికే ఎందుకు అప్పగించాలి? చిన్న నోటుబుక్కు జేబులో పెట్టుకోండి. ఆగిన ప్రతిచోటా ఒక్క వాక్యం రాయండి. ఫోటోలు ఆఖరి పది నిమిషాల్లో తీసుకోవచ్చు. ఎదురింటి పిన్నిగారు ఈసారి అడిగితే నేను గంటసేపు చెప్పాను.

12. మధ్యలో గుంపును వదిలేయండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన సలహా. యూదుల పేట జోసెఫోవ్‌కు వచ్చేసరికి టూరు చివరికొస్తుంది. అందరికీ ఆకలి, గైడుకు ఇంకో గుంపు. చాలా టూర్లు ప్రార్థనాలయాలను బయటి నుంచే చూపించి సాగిపోతాయి. అక్కడ మీరు గైడు దగ్గరికి వెళ్లి చెప్పండి, ఇవ్వదలచుకున్నది చేతిలో పెట్టండి, గుంపును సాగనివ్వండి. టికెట్టు కొనుక్కుని పింకాస్ ప్రార్థనాలయంలోకి వెళ్లండి.

కింది అంతస్తులో విగ్రహాలు లేవు, బొమ్మలు లేవు. గోడల నిండా పేర్లే. బొహీమియా, మొరావియాల నుంచి నాజీలు తీసుకుపోయి చంపిన యూదులవి, దాదాపు 80,000 పేర్లు. 1950ల్లో చిత్రకారులు చేత్తో రాశారు. 1968 తర్వాత ఏళ్ల తరబడి ఈ చోటు మూసేశారు, చెమ్మకు అక్షరాలు పాడయ్యాయి. 1990ల్లో మళ్లీ మొదటి నుంచి అన్నీ రాశారు.

అత్తయ్యగారు గోడకు దగ్గరగా వెళ్లి చదవడం మొదలుపెట్టారు. ముందు ఊరి పేరు, తర్వాత ఇంటిపేరు, తర్వాత మనిషి పేరు, పుట్టిన తేదీ, ఆఖరిసారి బతికున్నట్టు తెలిసిన తేదీ. "మనలాగే ఇంటిపేరు ముందు రాశారమ్మాయ్" అన్నారు. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఒకే ఇంటిపేరు కింద అయిదారు పేర్లున్న చోట ఆవిడ వేలు ఆగింది. తేదీలు చూస్తే అమ్మ, నాన్న, పిల్లలు అని తెలుస్తోంది. పై అంతస్తులో టెరెజిన్ నిర్బంధ శిబిరంలో పిల్లలు వేసిన బొమ్మలున్నాయి. ఇళ్లు, పూలు, సీతాకోకచిలుకలు.

బయటికొస్తే పాత శ్మశానం. చోటు చాలక మట్టి పోసి సమాధి మీద సమాధి కట్టారు. కొన్నిచోట్ల పన్నెండు పొరలు. దాదాపు 12,000 రాళ్లు ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి. రాళ్ల మీద వచ్చినవాళ్లు పెట్టిన గులకరాళ్లు. అత్తయ్యగారు కూడా ఒకటి ఏరి పెట్టారు.

మా గుంపు ఆ వేళకు ఎక్కడో భోంచేస్తోంది. మేం ఏం పోగొట్టుకున్నామో నాకు ఈనాటికీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. సగం పూటలో ఏ ఊరినీ పూర్తిగా చూడలేం. ఒక గోడ ముందు నిలబడి నాలుగు పేర్లు పెదవులతో చదవగలం. అది చాలు, అంతకన్నా పెద్ద పని ఆ సగం పూటకు లేదు.

పింకాస్ ప్రార్థనాలయం శనివారం తెరవరు. మీ టూరు ఆ రోజున పెట్టుకోకండి.